హన్మన్న ఎవరి ఎద్దు?

ఈదులగట్టులో బుచ్చమ్మ నోటికి జడవనివాడు లేడు. కల్లు దుకాణం ముందు కూర్చుని ప్రపంచాన్ని ఏలే మగాళ్ళు కూడా ఆమె అటుగా వస్తుంటే గొంతు తగ్గించి, ఎండలు ఎట్లా ఉన్నాయో మాట్లాడుకునేవాళ్ళు. బస్సు కండక్టరు మొదలు గద్వాల నుంచి చీరల మూట తెచ్చే సావుకారు దాకా ఆమె కడిగి ఆరేయని మనిషి లేడు. అట్లాంటి బుచ్చమ్మ, రోజూ తన కళ్ళ ముందు తిరిగే ఒక ఎద్దును చూసి 'ఇది నాది' అనలేక ఏడేళ్ళుగా నోరు కట్టుకుని బతుకుతున్నది.

ఆ ఎద్దు పేరు హన్మన్న. పుట్టింది బుచ్చమ్మ కొట్టంలోనే. కూతురు బాలమణికి చిన్నప్పుడు విషజ్వరం వచ్చి, పెద్ద దవాఖానాలో డాక్టర్లు పెదవి విరిచినప్పుడు, బుచ్చమ్మ బీచుపల్లి దిక్కు తిరిగి కొంగు పట్టింది. "ఆంజనేయసామీ, నా బిడ్డను నాకియ్యి. నా ఆవుకు పుట్టిన కోడెదూడను నీ పేర ఇడుస్త" అని మొక్కింది. బిడ్డ బతికింది. బుచ్చమ్మ మాట తప్పే రకం కాదు. దూడను కృష్ణలో కడిగి, పసుపు పూసి, తొడ మీద గద అచ్చు వేయించి వదిలేసింది.

మొక్కు అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ దేవుడికి వదిలిన ఎద్దు విషయంలో ఆ ఊళ్ళో ఒక కట్టడి ఉంది. వదిలినవాళ్ళు దాన్ని మళ్ళీ నాది అనకూడదు, మెడలో పలుపు వేయకూడదు, తమ చేత్తో గడ్డిపోచ కూడా పెట్టకూడదు. మనం ఇచ్చిన దాని మీద మనం చెయ్యి వేస్తే, దేవుడు తాను ఇచ్చిన దాని మీద చెయ్యి వేస్తాడని పెద్దల మాట. ఊళ్ళో ఎవరైనా హన్మన్నకు మేత వేయవచ్చు, బుచ్చమ్మ ఇంటివాళ్ళు తప్ప. అందుకే అది ఇంటి ముందుకొచ్చి, పుట్టిన కొట్టం వైపు మూతి చాచినప్పుడల్లా ఆమె రెండు చేతులూ కొంగులో చుట్టుకునేది. "పో కొడుకా, పో. నాతోని పాపం చేయించకు" అని గొణిగి లోపలికి పోయి తలుపు వేసుకునేది.

హన్మన్నకు ఈ బాధలేవీ తెలియవు. పనిలేక తిరిగే మనిషిని అచ్చోసిన ఆంబోతు అని తిడతాం గానీ, హన్మన్నకు అది తిట్టు కాదు, ఉద్యోగం. కిరాణా దుకాణం ముందు నిలబడితే బెల్లం ముక్క, సర్పంచి లక్ష్మీదేవమ్మ వాకిట్లో నిలబడితే కుడితి. పొద్దున్నే నాష్టాకు మాత్రం ఎక్కడికీ పోకుండా సూటిగా కురుమూర్తి వేసిన పల్లీల చేనుకు పోయేది.

కురుమూర్తి ఒంటరి మనిషి. పిల్లలు లేరు. భార్య రుక్కమ్మ పోయినాక ఊళ్ళోని ఇల్లు మూసేసి చేని గట్టు మీదే గుడిసె వేసుకున్నాడు. తెల్లవారగానే అతను హన్మన్న మీద ఎత్తుకునే తిట్లకే సగం ఊరు నిద్రలేచేది. "వచ్చినవా? నీ నోట్ల మన్నువడ! రాత్రి కలలో గూడ నా పల్లే కనవడ్డదా నీకు?" అని మొదలుపెడితే, ఎద్దు కడుపు నిండి పక్కకు తిరిగేదాకా ఆ తిట్లు సాగేవి. ఆ తర్వాత ఊరి మీదకు మళ్ళేవాడు. "ఇది నాది అని ఒక్కడు ముంగటికి రానియ్యిండ్రి! ఏడేండ్ల పల్లి ముక్కు పిండి వసూలు చేస్త." ఆ దెబ్బకు ఎవరూ ముందుకు వచ్చేవాళ్ళు కాదు. బెల్లం ముక్క పెట్టినవాళ్ళు కూడా కురుమూర్తి కనబడితే చెయ్యి వెనక్కి దాచుకునేవాళ్ళు.

ఇట్లా ఎవరి దారిన వాళ్ళు బతుకుతుండగా, తొంభయ్యారులో చలికాలం పూట ఆ ఊరికి పశువుల డాక్టర్ చక్రపాణి జీపులో వచ్చాడు. గుంటూరు వైపు నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన కుర్రవాడు, మంచివాడు, గేదె తోకతో ముఖం మీద కొట్టినా 'పర్లేదండీ' అనే రకం. బడి ఆవరణలో ఊరిని కూర్చోబెట్టి పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి ఎత్తి చూపించాడు.

"దీన్ని మీ ఆవు చెవికి వేస్తాం. దీని మీద ఉన్న నంబరు దేశం మొత్తంలో ఇంకే పశువుకీ ఉండదు. రేపు ఏ సంతలోనైనా జబ్బు పశువు దొరికితే, ఆ నంబరు పట్టుకుని అది ఎవరింట్లో పుట్టింది, ఎవరెవరి చేతులు మారింది, ఏ ఊళ్ళో ఏ పశువుల పక్కన నిలబడింది, అన్నీ వెనక్కి వెతుక్కుంటూ పోవచ్చు. జబ్బు ఎక్కడ మొదలైందో అక్కడే ఆపొచ్చు. దేశమంతా పెట్టే ముందు కొన్ని మండలాల్లో చేసి చూస్తున్నారు. అందులో మీ మండలం ఒకటి."

"నంబరిచ్చినంక రేషన్ బియ్యం గూడ ఇస్తరా సారూ, ఎడ్లకు?" అని అడిగాడు బుచ్చమ్మ భర్త జంగయ్య. జంగయ్యకు ఏ విషయమైనా ముందు నవ్వు కోసమే కనబడుతుంది. ఊరంతా నవ్వింది.

బుచ్చమ్మ నవ్వలేదు. ముందటేడు ఎవరో సంతలో కొనుక్కొచ్చిన ఎద్దుతో గాలికుంటు రోగం ఊళ్ళోకి వచ్చింది. ఆ ఎద్దు ఎక్కడిదో, ఎవరిదో, అమ్మినవాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు. గిట్టలు పుండ్లు పడి, నోట్లో నురగ కారుతూ, బుచ్చమ్మ పాడి ఆవు ఆమె చేతుల్లోనే పోయింది. అందుకని డాక్టరు మాటలు ఆమెకు బాగా నచ్చాయి. "మంచి పనే సారూ. రోగం యాడికెల్లి వచ్చిందో తెలిస్తె సగం రోగం పోయినట్టే" అన్నది గట్టిగా.

ఆ తర్వాత డాక్టరు చెప్పిన మాటే ఆమె గుండెలో రాయి వేసింది. సొంతదారు పేరు లేనిదే నంబరు వేయడానికి వీల్లేదు. నంబరు లేని పశువు మండలంలో తిరగడానికి వీల్లేదు. ఎవరూ నాది అనని పశువును బందెలదొడ్డికి తోలి, వేలం వేస్తారు. వేలంలో అచ్చోసిన ఆంబోతును కొనేది దున్నడానికి కాదని, అది కొత్తకోట దగ్గర లారీ ఎక్కి కబేళా దారి పడుతుందని ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు.

అందరూ మెడలు తిప్పి హన్మన్నను చూశారు. అది బడి గోడకు అంటించిన ప్రభుత్వం వారి పోస్టరును, చెవి బిళ్ళ వల్ల కలిగే లాభాలతో సహా, నింపాదిగా నములుతున్నది.

"గిది ఆంజనేయసామిది సారూ. ఆ సామి పేరే రాసుకోండ్రి" అన్నాడు జంగయ్య.

చక్రపాణి కలం తీశాడు. కాగితం మీద పెట్టబోయి ఆగాడు. "తండ్రి పేరు?"

"వాయుదేవుడు" అన్నారు నలుగురు ఒకేసారి. "కేసరి గదనే!" అన్నాడు భజన గుంపులో తాళాలు కొట్టే పెద్దాయన. దాని మీద కాసేపు గట్టిగానే వాదన జరిగింది.

"తండ్రి ఎవరైనా పర్లేదండీ" అన్నాడు డాక్టరు చేతులు జోడించి. "కానీ టీకా వేసే రోజు సొంతదారు వచ్చి ఎద్దును పట్టుకోవాలి. చేను మేస్తే జవాబు చెప్పుకోవాలి. స్వామివారు వస్తారా?"

"మనసుల పెట్టి పిలిస్తె వస్తడు బిడ్డా" అన్నది ఒక ముసలమ్మ పూర్తి నమ్మకంతో. డాక్టరు కలానికి మూత పెట్టేశాడు. మంగళవారం బిళ్ళలు వేయడానికి వస్తానని, ఆ లోపల ఎవరో ఒకరు తేల్చుకోవాలని చెప్పి జీపెక్కాడు.

బుచ్చమ్మ ఆ సాయంత్రమే నడుం బిగించింది. ముందు మొగుణ్ణి పట్టుకుంది. "నీ పేరు రాయించరాదు? మొక్కింది నేను, నువ్వు గాదు గద."

"బాగనే ఉన్నది. మొక్కింది నువ్వు, కొబ్బరికాయ కొట్టింది నేను. ఆ సామికి మనిద్దరి మొఖాలూ యాదికుంటయి" అన్నాడు జంగయ్య. ఈసారి అతను నవ్వలేదు. లోపల మంచం మీద బాలమణి ఉంది. కొత్తకోటలో మెకానిక్కుకు ఇచ్చిన పిల్ల, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండాయి. దేవుడు తాను ఇచ్చిన దాని మీద చెయ్యి వేయడమంటే ఎవరి మీదో ఇద్దరికీ తెలుసు, పైకి మాత్రం అనలేదు.

మర్నాడు సర్పంచి లక్ష్మీదేవమ్మ ఇంటికి పోయింది. "పంచాయతీ పేరు మీద రాయించు లక్ష్మీదేవమ్మా. ఊరి ఎద్దే గద."

లక్ష్మీదేవమ్మ మంచి నీళ్ళిచ్చింది, చాయ్ ఇచ్చింది, మాట మాత్రం ఇవ్వలేదు. "అక్కా, పంచాయతీ ఎద్దయితె అది ఎవరి చేను మేసినా నా ఇంటి ముంగటనే లొల్లి. ఆ కురుమూర్తి తువ్వాల ఏసుకొని రోజూ నా అరుగు మీదనే కూసుంటడు."

"కుడితి పెట్టేటప్పుడు మన హన్మన్న, మన హన్మన్న అంటివి గద?"

"కుడితి పెట్టుడు వేరు, సంతకం పెట్టుడు వేరక్కా."

కిరాణా దుకాణంలో అదే మాట, భజన గుంపులో అదే మాట. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదన్నట్టుంది హన్మన్న పని. అందరూ అయ్యో అన్నవాళ్ళే, అందరి భయమూ కురుమూర్తే. ఇట్లా కాదని బుచ్చమ్మ సోమవారం సాయంత్రం నేరుగా కురుమూర్తి చేనుకే పోయింది. పుట్టలో చెయ్యి పెట్టక తప్పదనుకున్నప్పుడు పాముతోనే మాట్లాడటం మంచిదని ఆమె ఆలోచన.

కురుమూర్తి చేని చుట్టూ తుమ్మకంప కడుతున్నాడు. మూడు దిక్కులా పిల్లి కూడా దూరనంత గట్టిగా కట్టాడు. నాలుగో దిక్కున, హన్మన్న వచ్చే దారిలో, ఎద్దు హాయిగా నడిచిపోయేంత సందు వదిలేశాడు.

"ఆ సందు గూడ మూస్తె ఏం పోతది? ఏడేండ్ల సంది లొల్లి చేసే బదులు" అన్నది బుచ్చమ్మ.

"కంప చాల్లేదొదినె" అన్నాడు కురుమూర్తి అటు చూడకుండానే.

బుచ్చమ్మ కోపం దిగమింగి, బతిమాలే గొంతు పెట్టింది. అలవాటు లేని పని కాబట్టి అది కొంచెం బెదిరింపులాగే వినబడింది. "కురుమూర్తీ, నేను నాది అనలేను. ఎందుకో నీకు తెల్సు. వేరేటోల్లు అందామంటె నీకు భయపడుతుండ్రు. నష్టం అడగను అని ఒక్క మాట అను. ఎవరో ఒకరు పేరు రాయించుకుంటరు. దాని పానం దక్కుతది."

"ఎట్లంటనొదినె? ఒక్కరోజు నాగా వెట్టిందా అది? రుక్కమ్మ పోయిన తెల్లారి, ఇంటినిండ చుట్టాలు ఏడుస్తుంటె, అది సిగ్గు లేకుంట వచ్చి ఈడ్నే నిలబడ్డది. నేను దహనం చేసి వచ్చినోన్ని, ఇంట్లకెల్లి లేచొచ్చి తిట్టిన. ఆ రోజు గూడ తిట్టించుకున్నది నాతోని." అతను కంప కట్టను గట్టిగా తొక్కాడు. "రేపు ఎవడు నాది అంటడో చూస్త. ముంగట్నే వచ్చి నిలబడ్త."

బుచ్చమ్మకు ఒళ్ళు మండిపోయింది. దారి పొడుగునా అతన్ని తిట్టుకుంటూ ఇంటికి వచ్చింది. వాకిట్లోనే బాలమణి ఎదురొచ్చి, తల్లి ముఖం చూసి సంగతి పట్టేసింది. "అమ్మా, నువ్వే అనరాదు నాదని? నాకేం గాదు. ఆ సామికి నీకన్న బుద్ధెక్కువనే ఉంటది" అని నవ్వింది. బుచ్చమ్మ గభాలున కూతురి నోరు మూసింది. ఆ మాట బీచుపల్లి దాకా వినబడిందేమోనని భయపడి, మూసిన చేత్తోనే చెంపలు వేసుకుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

మంగళవారం బడి ఆవరణ సంతలా ఉంది. ఆవులు, ఎడ్లు, బర్రెలు, వాటి వెనక చుట్టపు చూపుగా వచ్చిన మేకలు. కాంపౌండరు పశువు మెడ పట్టుకుంటే డాక్టరు చెవికి మందు రాసి, కటింగ్ ప్లేయరులాంటి దాంతో టక్కుమని బిళ్ళ వేసేవాడు. వేసిన వెంటనే పశువు తల విదిలించేది, ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. "మా ఎర్రావు కమ్మలు పెట్టుకున్నదిరో!" "నీకు లేకపాయె గద పాపం!" మధ్యాహ్నం దాటేసరికి ఊళ్ళో పశువులన్నీ పసుపు చెవులతో ఇండ్లకు పోయాయి.

మిగిలింది హన్మన్న. దాన్ని ఎవరూ తోలుకు రాలేదు, సందడి చూసి తనే వచ్చింది. బందెలదొడ్డి నుంచి ఇద్దరు మనుషులు తాళ్ళతో, ట్రాక్టరు ట్రాలీతో వచ్చి గేటు దగ్గర బీడీలు కాలుస్తున్నారు. జనం మాత్రం కదల్లేదు. వరస ముందు కురుమూర్తి తువ్వాలు భుజాన వేసుకుని, చేతులు కట్టుకుని, అన్నట్టుగానే నిలబడ్డాడు.

"ఈ ఎద్దు ఎవరిదండీ?" అని అడిగాడు చక్రపాణి.

లక్ష్మీదేవమ్మ తన చెప్పుల వైపు చూసుకుంది. జంగయ్య ఆకాశం వైపు చూశాడు.

"చూడండి, దీన్ని పంపడం నాకూ ఇష్టం లేదు. ఒక్క పేరు చెప్పండి చాలు. ఎవరిది?"

ఒక్కొక్కరూ పక్కవాడి వెనక్కి జరిగారు. డాక్టరు ముఖం చిన్నబుచ్చుకుని బందెలదొడ్డి వాళ్ళకు సైగ చేశాడు. వాళ్ళలో ఒకడు తాడు పట్టుకుని దగ్గరికి వచ్చాడు. హన్మన్న జన్మలో తాడు ఎరగదు. ఎవరు చెయ్యి చాచినా తినడానికే పెడతారని దాని నమ్మకం. తాడు కొస నోట్లోకి తీసుకుని నమలడం మొదలుపెట్టింది. ఎవరో నవ్వబోయి మధ్యలోనే ఆగిపోయారు. ఇంతలో రెండోవాడు ఉచ్చు కొమ్ములకు వేసి లాగాడు. మెడ మీద బిగువు తగిలేసరికి హన్మన్న గొంతెత్తి ఒక్క అరుపు అరిచింది. దూడగా ఉన్నప్పుడు తల్లి మేతకు పోతే అరిచిన అరుపు అది. బుచ్చమ్మకు అది తెలుసు, ఆ అరుపుకు ఎన్నోసార్లు చేతిలో పని వదిలేసి కొట్టంలోకి పరుగెత్తింది.

ఆమె కాళ్ళు వాటంతటవే కదిలాయి. ఒక పక్క బాలమణి నిండు కడుపు కళ్ళ ముందు ఆడింది. మరో పక్క ఎద్దు మెడ. 'సామీ, నీకు కోపమొస్తె నన్ను తీస్కపో. నా బిడ్డ జోలికి, దాని కడుపుల ఉన్న బిడ్డ జోలికి రాకు. నీ కాళ్ళు మొక్కుత' అని మనసులో అనుకుంటూ జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది. జంగయ్య కొంగు పట్టుకుని ఆపబోయాడు, విదిలించుకుంది. నోరు తెరిచింది.

"నాది!"

ఆ మాట వినబడింది గానీ, అది బుచ్చమ్మ గొంతు కాదు. ఆమె తెరిచిన నోరు తెరిచినట్టే పక్కకు చూసింది.

కురుమూర్తి కట్టుకున్న చేతులు విప్పి నడిచి వచ్చి, బందెలదొడ్డి మనిషి చేతిలో తాడు లాక్కున్నాడు. "ఇడువు. నాది అంటున్న గద, ఇనవడ్తలేదా?"

ఊరు ఊరంతా నోరెళ్ళబెట్టింది. చక్రపాణి కళ్ళజోడు సరిచేసుకున్నాడు. "మీదా? ఏడేళ్ళ నష్టం వసూలు చేస్తానంటున్నది మీరేనట కదండీ?"

"అవ్, నేనే. అయితె ఏంది? ఏడేండ్ల సంది నా చేను మేసి గింత అయ్యింది. దాని ఒంటి మీద ఉన్న కండ మొత్తం నా పల్లే. నా తిండి తిని పెరిగింది నాది గాకుంటె ఎవరిదైతది?"

"మరి నీ నష్టం ఎవరు గడ్తరు కురుమూర్తీ?" అని లక్ష్మీదేవమ్మ ఉండబట్టలేక అడిగింది.

"నా ఎద్దు నా చేను మేస్తె నీకెందుకమ్మా నొప్పి?"

అప్పుడు పేలిన నవ్వుకు బడి రేకుల మీద పావురాలు లేచిపోయాయి. అందరూ నవ్వుతున్నారు గానీ కురుమూర్తి నవ్వడం లేదు. హన్మన్న కొమ్ముల నుంచి ఉచ్చు తీస్తున్నాడు, ముడి పడి రావడం లేదు. ఆ ముడితో కుస్తీ పడుతూ, ఎవరి ముఖమూ చూడకుండా అన్నాడు: "తెల్లారి లేస్తె తిట్టనీకె ఇంట్ల మనిషి లేదు. గిది గూడ పోతె ఎవరితోని మాట్లాడాలె నేను?"

బుచ్చమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిన్న సాయంత్రం దారి పొడుగునా తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి, వాటిని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

మన ఊళ్ళ సంగతి తెలిసిందే కదా, ఒకడు దిగి లోతు చూపించేదాకానే భయం. కురుమూర్తి గొడవే లేదని తేలేసరికి అందరికీ నోళ్ళు వచ్చాయి. "ఏడేండ్లు బెల్లం పెట్టింది నేను, నా పేరు గూడ రాయాలె" అన్నాడు కిరాణా దుకాణమాయన. "కుడితి సంగతేంది మరి?" అన్నది లక్ష్మీదేవమ్మ. "మా కంది చేను రెండుసార్లు మేసింది సారూ, మాకూ హక్కున్నది" అని ఇంకెవరో. ఇందాక ఒక్క పేరు దొరకని డాక్టరు చుట్టూ ఇప్పుడు పది పేర్లు మూగాయి.

"ఒక్క పేరే రాయాలండీ, ఒక్కటే!" అని మొత్తుకున్నాడు చక్రపాణి.

"ఇందాక సారు అడుగుతుంటె మీ నోర్లల్ల ఏం నానబెట్టుకున్నరు? పల్లీలా?" అని కురుమూర్తి ఒక్క అరుపు అరిచేసరికి అందరూ సర్దుకున్నారు.

బిళ్ళ వేయడం మరో తతంగం. కాంపౌండరు మెడ పట్టుకోబోతే హన్మన్న అతన్ని కొంతదూరం ఊరేగించింది. అప్పుడు కురుమూర్తి దాని ముందుకు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఏందిరా? సారు పెద్ద సదువు సదువుకొని వస్తె గిదేనా మర్యాద? నీ నోట్ల మన్నువడ, కదిలినవంటె రేపట్నుంచి పల్లాకు గూడ దొరకదు!" రోజూ వినే పాటే కాబట్టి హన్మన్న చెవులు నిలబెట్టి, కుదురుగా నిలబడిపోయింది. చక్రపాణి అదను చూసి టక్కుమనిపించాడు. పసుపు బిళ్ళ దాని చెవికి బాగానే అమరింది. సొంతదారు: కురుమూర్తి, ఊరు: ఈదులగట్టు అని రాసుకుని, డాక్టరు తన సొంత ఎద్దుకు వేసుకున్నంత సంతోషపడ్డాడు. బందెలదొడ్డి వాళ్ళు ఖాళీ ట్రాలీతో వెళ్ళిపోయారు.

బుచ్చమ్మ బడి మెట్ల మీద కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంటూ నవ్వుతున్నది. నవ్వుతూనే ఉన్నట్టుండి ఆగి, కాసేపు ఏదో ఆలోచించి, దిగ్గున లేచింది. ఎవరితోనూ మాట్లాడకుండా విసవిసా ఇంటికి నడిచింది. జంగయ్య వెనకాలే పోయి చూసేసరికి ఆమె గంపలో తవుడు పోసి, బెల్లం చిదిమి, ఉలవలు కలుపుతున్నది.

"ఎవరికే గది?"

"ఎద్దుకు."

జంగయ్య గుమ్మానికి అడ్డం పడ్డాడు. "నీకు పిచ్చిగిన లేసిందా? మొక్కు మర్చిపోయినవా? పిల్ల కాన్పుకు ఉన్నది ఇంట్ల!"

"మొక్కు నాకు బాగ యాదికున్నది. సామికిడిసిన ఎద్దుకు నా చేత్తోని పెట్టొద్దు. పెడ్తలేను." బుచ్చమ్మ గంప చంకకెత్తుకుంది. "గిది కురుమూర్తి ఎద్దు. సర్కారే రాసుకున్నది, దేశమంత మీద దానికొక నంబరున్నది. పరాయోల్ల ఎద్దుకు పిడికెడు మేత పెట్టొద్దని ఏ మొక్కుల ఉన్నదో జెప్పు."

మంచం మీద బాలమణి నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుని, "పోనీయే నాయినా, పోనీ. నా కడుపుల బిడ్డ గూడ నవ్వుతుంది" అన్నది. జంగయ్య పక్కకు తప్పుకున్నాడు.

ఆమె చేనుకు పోయేసరికి పొద్దు ఇంకా గుట్ట మీదే ఉంది. హన్మన్న కంప సందులో అడ్డంగా పడుకుని నెమరు వేస్తున్నది. బుచ్చమ్మను చూసి లేచింది. బుచ్చమ్మ దాని దగ్గరికి పోయి ఆగింది. ఒక్క క్షణం భయమేసింది. బీచుపల్లి దిక్కు తిరిగి గట్టిగానే చెప్పుకుంది: "సామీ, నీకిచ్చింది నీదే. నేను ఎనకకు తీసుకుంటలేను. గీ కాయితం ఎద్దుకు జర ఇంత పెడ్తున్న, అంతే. తప్పనిపిస్తె గిప్పుడే చెప్పు." కాసేపు నిలబడి విన్నది. పల్లి చేని మీద గాలి తప్ప ఏ చప్పుడూ రాలేదు. బుచ్చమ్మ దోసిలి నిండా తవుడు తీసి ముందుకు చాచింది.

హన్మన్న ఆమె అరచేతుల్లో మూతి పెట్టింది. ఆ గరుకు నాలుక చేతులకు తగలగానే బుచ్చమ్మకు ఏడేళ్ళుగా పట్టి ఉంచిన ఏడుపు ఒక్కసారి పొంగింది. ఏడుస్తూనే దోసిలి మళ్ళీ మళ్ళీ నింపింది.

గుడిసెలోంచి కురుమూర్తి బయటికి వచ్చాడు. గంప చూశాడు, ఆమెను చూశాడు. సంగతి అర్థమై మీసం కింద నవ్వు దాచుకుని గొంతు పెంచాడు. "ఏందొదినె, అడుగకుంట జెయ్యకుంట నా ఎద్దుకు మేత పెడ్తున్నవ్? పరాయోల్ల ఎద్దంటె గింత పాయిరమా?"

"నీదే లేవయ్యా, నీదే. నేను కాదన్ననా?" అన్నది బుచ్చమ్మ కళ్ళు తుడుచుకుంటూ. ఇన్నేళ్ళు నాది అనలేక కుమిలిన మనిషికి, నీది అనడంలో ఇంత సుఖం ఉంటుందని తెలియదు. అందుకే ఇంకోసారి అన్నది, "నీ ఎద్దే కురుమూర్తీ, నీదే." అంటూ హన్మన్న గంగడోలు కింద చెయ్యి పెట్టి, దూడప్పుడు నిమిరినట్టు మెల్లగా నిమిరింది.